ఆగిపోయిన సీరియల్

నా చిన్నప్పుడు నేను కుదురుగా కూర్చున్న రోజంటూ ఉంటే, అది పక్కింటి అత్తయ్య సీరియల్ క్యాసెట్టు వచ్చిన రోజే.

అప్పట్లో మేం గల్ఫు దేశంలో, మనామా అనే ఊళ్లో బంగారం కొట్ల వెనక సందులో ఒక పాత మేడలో ఉండేవాళ్లం. అత్తయ్య హైదరాబాదులో టీవీకి సైన్సు కథలు రాసేది. మామయ్య ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చాక కూడా మానలేదు. రాసినవి పోస్టులో పంపేది. అక్కడ తీసిన భాగాలను ఎవరో ఒకరు సెలవులకు వెళ్లి వస్తూ క్యాసెట్లలో తెచ్చేవారు. చుక్కల మధ్య దారి తప్పిన ఒక ఓడ, అందులో కొన్ని కుటుంబాలు. మాకు వాళ్లు చుట్టాలకంటే దగ్గర.

ఒక వేసవిలో ఆ సీరియల్ ఆపేశారు. చూసేవాళ్లు తగ్గారని టీవీవాళ్లు ఫోన్ చేసి చెప్పారట. కథేమో ఓడలో గాలి అయిపోతున్న చోట నిలిచిపోయింది. అత్తయ్య ముఖం చూసి అమ్మ ఏమీ అడగలేకపోయింది. నాకు మాత్రం కాలు నిలవలేదు. బయట నిప్పులాంటి ఎండ. వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూ, ఊపిరి బిగబట్టి ఎంతసేపు ఉండగలనా అని చూసుకునేదాన్ని. చివరికి వెళ్లి తలుపు కొట్టాను.

“వాళ్లు బతికారా అత్తయ్యా?”

“నాకే తెలీదు. నువ్వు రాసి పట్రా. మన పత్రికలో వేస్తాను,” అంది.

ఇక్కడి తెలుగువాళ్ల కోసం జిరాక్సు తీసి పంచే చిన్న పత్రిక ఒకటి ఉండేది. దానికి ఆవిడే సంపాదకురాలు. నేను పరుగున వెళ్లి, గాలి దొరికింది, అందరూ ఇల్లు చేరారు అని రాసుకొచ్చాను. అత్తయ్య చదివి ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసింది. గాలి ఎవరు తెచ్చారని అడిగింది. ఈసారి ఒక మరమనిషి చేత తెప్పించాను. అదీ కొట్టేసింది. నా ఏడుపు చూసి అమ్మ ఉండబట్టలేక, “చిన్నపిల్ల కదా వదినగారూ, వేసెయ్యకూడదూ?” అంది.

“చిన్నపిల్ల అని వేసేస్తే, దాని కథ నేను చదవనట్టే కదండీ,” అంది అత్తయ్య.

ఇంక ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను. అయినా మనసు ఊరుకుంటేనా! కోపంతో మెట్లన్నీ ఎక్కి దిగి, ఆయాసపడి చల్లటి గచ్చు మీద పడుకున్నాను. కాసేపటికి రొప్పు తగ్గింది. అప్పుడు తట్టింది. కదలకుండా ఉంటే గాలి తక్కువ ఖర్చవుతుంది! ఇంకో ఓడ వచ్చేదాకా అందరూ కదలక మెదలక పడుకున్నారని రాశాను. వాళ్లలో నాలాంటి పిల్ల ఒకతి ఉందనీ, దానికది ఎంత కష్టమైందో కూడా రాశాను.

అత్తయ్య ఎర్ర కలం పట్టుకునే చదివింది. ఒక్క మాట మార్చింది. తర్వాత కళ్లజోడు తీసి, చాలాసేపు కొంగుతో తుడుస్తూ కూర్చుంది. ఆ నెల పత్రికలో మొదటి పేజీ నాదే. మరుసటి ఏడు అత్తయ్యవాళ్లు హైదరాబాదు వెళ్లిపోయారు. అక్కడ ఆమె సైన్సు కథల పత్రిక ఒకటి ఏళ్ల తరబడి నడిపింది. టీవీకి మాత్రం మళ్లీ రాయలేదు.

ఇప్పుడు ఇదే దేశంలో, రిఫా అనే ఊళ్లో ఉంటున్న మా ఇంటికి తెలుగు నేర్చుకోవడానికి పిల్లలు వస్తారు. వాళ్లు రాసింది చూపిస్తే ‘బాగుంది’ అనేసి ఇవ్వలేను. బాగాలేని చోట బాగాలేదనే చెబుతాను. ముఖం ముడుచుకుని వెళ్లిపోతారు. వాళ్లు మళ్లీ వచ్చి బెల్లు కొట్టేదాకా నేను ఇంట్లో ఒకచోట నిలవలేను. ఆ రోజుల్లో తలుపుకు అవతల అత్తయ్య కూడా ఇలాగే తిరిగి ఉంటుంది.