హాజరు తక్కువ, కడుపునొప్పి ఎక్కువ

ఆసుపత్రుల్లో క్యాజువాల్టీలు ఎందుకు కిటకిటలాడుతున్నాయని పేపర్లవాళ్లు తెగ మథనపడుతుంటారు. అరవైల చివర్లో మా తార్నాక వైపు ఆసుపత్రిలో రద్దీకి కారణం మాత్రం నాకు బాగా తెలుసు. అది మేమే.

ఎం.ఏ. చదువుతూ యూనివర్సిటీ లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. కాలేజీ మెట్ల మీద కబుర్లతో ఏడాది గడిచిపోయి, సరిగ్గా పరీక్షల ముందు హాజరు చాలనివాళ్ల జాబితాలో నా పేరెక్కింది. జబ్బు చేసిందని డాక్టరు సర్టిఫికెట్ తెస్తే హాల్ టికెట్ ఇస్తారు. లేకపోతే ఏడాదీ, స్కాలర్‌షిప్పూ రెండూ గోవిందా. క్యాంపస్ డాక్టరు మా మొహాలు చూస్తేనే కలం మూసేసేవాడు. ఆసుపత్రిలో మామూలు ఓపీ మధ్యాహ్నానికే కట్టేస్తారు. మాకేమో మెస్సులో భోజనం చేసి ఓ కునుకు తీస్తే గానీ జబ్బు గుర్తొచ్చేది కాదు. అందుకని క్యాజువాల్టీ.

వెళ్లి చూద్దును కదా, బెంచీల నిండా మా జాబితాలోవాళ్లే. అందరికీ కడుపునొప్పే. పైకి కనిపించని జబ్బు అదొక్కటే మరి! పోటీ గట్టిగా ఉందని నేను మూలుగు కాస్త పెంచాను.

నా ముందు మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చిన పెద్దావిడ కూర్చుంది. నీళ్లు పట్టుకొస్తూ జారిపడిందట, ముంజేయి వాచి వంకర తిరిగింది. దాన్ని కొంగులో చుట్టుకుని, మావాళ్ల వెనక కిక్కురుమనకుండా ఎంతసేపటి నుంచో ఎదురుచూస్తోంది. చివరికి ఆవిడ వంతు వచ్చింది. ఆవిడ లేవలేదు. నా వైపు తిరిగి, "నువ్వు ముందు పో బిడ్డా. నాది చెయ్యే గద, ఆగుతది. నీకు పానం పోతున్నట్టున్నది," అంది.

అప్పటికే డాక్టరు నా వైపు తిరిగి నొప్పి ఎక్కడని అడుగుతున్నాడు. కడుపులో అంటే చాలు, హాల్ టికెట్ వచ్చినట్టే. ఆ వంకర చెయ్యి చూసి సిగ్గుతో చచ్చిపోయాను. నాకు ఏ నొప్పీ లేదండీ, సర్టిఫికెట్ కోసం వచ్చాను, ముందు ఈవిడను చూడండి అనేశాను. బెంచీల మీద మూలుగులన్నీ టక్కున ఆగాయి. డాక్టరు తలుపు చూపించాడు. మావాళ్లు నన్ను తిట్టుకుంటూ ఒక్కొక్కరే లేచారు.

పెద్దావిడ కూడా నాలుగు తిడుతుందనుకున్నాను. బాగున్న చేత్తో నా చెయ్యి పట్టుకుని, "నొప్పి లేదా బిడ్డా? నిజంగనా? గంతే చాలు," అంది.

ఆ యేడు నేను పరీక్ష రాయలేదు. నాకు ఏ జబ్బూ లేదని ఆ సాయంత్రం సంతోషపడింది ఆవిడొక్కతే.