మూడో రోజు తేట

నైజీరియాలో మా అబెవొకుటా బజారులో మొరెనికె పెద్దమ్మ జావ కాచుకునే ఓగి అమ్ముతుంది. మొక్కజొన్నలు నానబెట్టి, రుబ్బి, వడగట్టి కుండలో తేరనిస్తే అడుగున ముద్ద, పైన పులిసిన తేట. ముద్దకు డబ్బులు, తేట ఊరికే. పిల్లలకు విరేచనాలైతే తల్లులు ఆమె దగ్గరికే వస్తారు. ఆమె పేరంతా ఆ తేటలోనే ఉంది. పక్కనే ఇరవై ఏళ్లుగా మిరపకాయలమ్ముతున్నా, నాకు తెలుసు.

యూనివర్సిటీ నుంచి ఫొలషాదే అనే డాక్టరమ్మ వచ్చి, పరీక్షకని సీసాడు తేట తీసుకెళ్లింది. వారం తర్వాత మెల్లగానే చెప్పింది. "పెద్దమ్మా, ఇందులో ఏమీ లేదు. దీన్ని వేసినా చెడ్డ క్రిములు హాయిగా పెరిగాయి."

బజారుకు చెవులెక్కువ. ఎదురుగా చేపలమ్మే రిసికత్ వెంటనే అందుకుంది. "అయితే ఇన్నాళ్లూ మా పిల్లలకు కుళాయి నీళ్లు తాగించావా, అక్కా?"

మర్నాటి నుంచి తేటకు ఎవరూ రాలేదు. ముద్ద కొనేవాళ్లూ తగ్గారు. నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దమ్మ మాత్రం కుండల ముందు కూర్చుని ఆలోచించి, ఉన్నట్టుండి నెత్తి కొట్టుకుంది.

"చదువుకున్న పిల్ల వస్తోందని ఆ పొద్దున్నే పాత తేట పారబోసి కొత్త నీళ్లు పోశానే! అతిథికి కంపు కొట్టేది ఇస్తామా?"

మా వాళ్లంతే, మర్యాద ముందు, తెలివి తర్వాత.

ఈసారి మూడు రోజులు నీళ్లు మార్చలేదు. ముక్కులదిరే తేట సీసాకెత్తి తనే బస్సెక్కింది. "ఓడితే ఈ కుండలు బోర్లించేస్తా. ఓడను కాబట్టే చెబుతున్నా" అంది.

డాక్టరమ్మ నుంచి కబురొచ్చాక పెద్దమ్మా నేనూ వెళ్లాం. గాజు పళ్లెం నిండా చెడ్డ క్రిముల పొర. తేట చుక్క పడ్డ చోట మాత్రం చుట్టూ శుభ్రంగా ఖాళీ.

"తేటలోని మంచి క్రిముల్ని ముందే వడగట్టేశాను" అంది డాక్టరమ్మ. "అవి వదిలిన పులుపూ, మిగతా సరుకూ ఈ పని చేశాయి."

"వండినవాళ్లు వెళ్లిపోతే కూర కడుపు నింపదా?" అంది పెద్దమ్మ.

"పళ్లెంలో గెలిచింది. పొట్టలో సంగతి ఇంకా చూడాలి."

"చూడు తల్లీ. ఎన్ని సీసాలు కావాలంటే అన్ని ఇస్తా."

ఈ కబురూ బజారంతా పాకింది. ఆ వారంలోనే రిసికత్ తల వంచుకుని గిన్నెతో వచ్చింది. మనవడికి విరేచనాలట. నాలుగు మాటలు అందామని నేను నోరు తెరిచాను. పెద్దమ్మ నన్ను కళ్లతోనే ఆపి, గిన్నె నిండా పోసింది.

"ఓఆర్‌ఎస్ నీళ్లు మాత్రం మానకు. సాయంత్రానికి తగ్గకపోతే ఆస్పత్రికి పరుగెత్తు."

"అక్కా, ఆ రోజు నేను..."

"పిల్లాడు అక్కడ ఏడుస్తుంటే కబుర్లేంటే? నడు!"