తలుపు తీసిన తల్లి కథ

మొన్న ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగగానే ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. వీధిలో కుక్క కూడా మొరగడం లేదు. అటువంటి మధ్యాహ్నపు నిశ్శబ్దంలో నాకు ఎప్పుడూ రాహేలమ్మ పంతులమ్మే గుర్తుకొస్తుంది.

నా చిన్నతనంలో, నిజాం పాలన చివరి రోజుల్లో, సూర్యాపేట సర్కారు బడిలో చదువంతా ఉర్దూలోనే. తెలుగు కావాలంటే రాహేలమ్మ ఇంటి అరుగు మీదికి పోవలసిందే. ఆమెది కోదాడ వైపు, మాటలో కొంచెం ఆంధ్ర యాస ఉండేది. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు దేవదాసు, మిర్యాలగూడలో బట్టల దుకాణంలో గుమాస్తా. మేము అయిదారుగురం ఆడపిల్లలం. పద్యాలు వల్లె వేయించడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. కథ చెప్పి, అది దేని గురించో మమ్మల్నే చెప్పమనేది.

ఒకరోజు ఆమె చెప్పిన కథ ఇది. ఒక తల్లి కూతురు వాగుకు నీళ్ళకు పోయి తిరిగి రాలేదు. ఆ తరువాత రోజూ మధ్యాహ్నం పూట బయటినుంచి 'అమ్మా, తలుపు తియ్' అని పిలుపు వినబడేది. అది నీ బిడ్డ కాదు, దయ్యం బిడ్డ గొంతు పెట్టుకొని వచ్చింది, తియ్యకు అని ఊరివాళ్ళు చెప్పారు. తల్లి చాలా రోజులు చెవులు మూసుకుంది. ఒకనాడు గడియ తీసింది. మరునాడు చూస్తే ఇల్లు ఖాళీ. నట్టింట్లో రెండు విస్తళ్ళు, రెండింటిలోనూ అన్నం తిన్న ఆనవాళ్ళు.

ఎండలో కూర్చున్నా మాకు ఒళ్ళు జలదరించింది.

"కథ దేని గురించి?" అని అడిగింది రాహేలమ్మ.

మా పక్కింటి లచ్చిమి మొదటినుంచీ కథంతా మళ్ళీ అప్పజెప్పింది. "అది జరిగిన సంగతి. సంగతి వేరు, సారం వేరు" అంది పంతులమ్మ. ఇంకొక పిల్ల "దయ్యాలకు తలుపు తియ్యొద్దు" అంది. "అది బుద్ధి చెప్పడం. కథ నీకు బుద్ధి చెప్పిందా? నువ్వు చెప్పుకున్నావా?" అంది పంతులమ్మ.

నేను ధైర్యం చేసి "భయం గురించి" అన్నాను.

"దగ్గరికొచ్చావు అనసూయా. కానీ ఒక్క మాటతో సరిపోదు. భయం గురించి కథ ఏమంటోంది? మళ్ళీ మళ్ళీ వచ్చిందేమిటో చూడు. ఆమె చివరికి ఏం చేసిందో చూడు. అప్పుడు చెప్పు."

జవాబు దొరక్కుండానే ఇంటికి పోయాను. ఆమె కూడా చెప్పలేదు.

కొన్ని నెలలకే కాలం చెడింది. రోడ్ల మీద బందూకులు తిరిగేవి. మగవాళ్ళు ఇల్లు దాటాలంటే జంకేవాళ్ళు. ఆ రోజుల్లోనే దేవదాసు తల్లిని చూడటానికి మిర్యాలగూడ నుంచి బయలుదేరాడట. సూర్యాపేట చేరలేదు. ఎవరు పట్టుకుపోయారో, ఏ దారిలో ఏమైందో ఎవరూ చెప్పలేకపోయారు. రాహేలమ్మ చదువు చెప్పడం మానేసింది. తమ్ముడు వచ్చి ఆమెను కోదాడకు తీసుకుపోయాడు.

పరిస్థితులు కుదుటపడ్డాక ఏదో పని మీద కోదాడకు పోతూ నాయన నన్నూ వెంటబెట్టుకుపోయాడు. మేము పంతులమ్మ ఇంటికి చేరేసరికి ఎండ మాడుస్తోంది. ఆమె సగమైపోయింది. వడగాలి కొట్టకుండా తలుపు గడియపెట్టి, మాకు మజ్జిగ ఇచ్చి, తనకోసం కలుపుకున్న అన్నం ముందు కూర్చుంది కానీ ముద్ద ఎత్తలేదు.

"జర తినమ్మా, గిట్లుంటే ఎట్ల?" అన్నాడు నాయన.

అప్పుడు బయట "అమ్మా" అని వినబడింది. ఒక్కసారే, మెల్లగా. నాయన మజ్జిగ తాగుతూనే ఉన్నాడు. రాహేలమ్మ లేచి గడియ తీసింది. నేను ఆమె వెనకే పోయి చూశాను. సందు ఈ చివరినుంచి ఆ చివరిదాకా తెల్లటి ఎండ. మనిషి జాడ లేదు.

"రోజూ ఇంతే" అంది ఆమె, నా వైపు తిరగకుండానే. "ఆనాడు చెప్పలేకపోయావు కదా. ఇప్పుడు చెప్పు, కథ ఏమంటోంది?"

"ప్రేమ ఉన్నోళ్ళకు భయముండదు" అన్నాను.

"ఉంటుంది" అంది. గడియ మీది చెయ్యి చూపించింది. వేళ్ళు వణుకుతున్నాయి. "భయపడుతూనే తీస్తారమ్మా."

"నాకూ వినబడ్డది, పంతులమ్మా."

ఆమె గభాలున నా వైపు తిరిగింది. ఆ పిలుపు వినబడటం పిచ్చి అని అందరూ అన్నారేమో, తానూ అనుకుందేమో. లోపలికి వచ్చి కూర్చొని, కంచంలోని అన్నమంతా తినేసింది. తిరిగి వస్తుంటే దారిలో నాయనను అడిగాను. ఆయనకేమీ వినబడలేదట.

దేవదాసు రానేలేదు. రాహేలమ్మ మళ్ళీ కోదాడ పిల్లలకు చదువు చెప్పిందనీ, చివరిదాకా చెబుతూనే ఉందనీ తరువాత విన్నాను.

నేనూ టీచర్‌నై మిర్యాలగూడలో చాలా ఏళ్ళు పనిచేశాను. కథ చెప్పాక పిల్లలు తమ జవాబు చెప్పి, "మీరు చెప్పుండ్రి టీచర్, ఏది సరైంది?" అని అడిగేవాళ్ళు. నేను చెప్పేదాన్ని కాదు. "కథలో ఎక్కడ కనబడ్డదో సూపియ్యి" అనేదాన్ని. నాకు తోచిన అర్థం ఒక మనిషి చెయ్యి చూసేసరికి తప్పయిపోయింది. అందుకని ఏ కథకైనా నా అర్థమే ఆఖరిదని నేటికీ అనలేను.