మడమకు కట్టిన చుట్టబట్ట

మా బాపు కొత్త బూట్లను ఎండలో పెడదామని పొద్దున చేతికి తీసుకుంటే రబ్బరు వాసన వెనకే కొబ్బరినూనె వాసన వచ్చింది. లోపల వేలు పెట్టి చూస్తే సాక్సులో ఇరుక్కుని ఒక చిన్న గుడ్డ చక్రం తగిలింది, పాత నూలు చీరె పేలికను మెలిపెట్టి చుట్టింది. మోకాళ్ల కోసం నడవమని డాక్టరు చెప్పినప్పటి నుంచి బాపు సాయంత్రాలు నాతోపాటు చార్మినార్ దాకా వస్తున్నాడు. మడమ మీద బొబ్బ లేచినట్టుంది, చెబితే నడక మాన్పిస్తానని దాచాడు. నాకు కోపం రావాలి గాని రాలేదు. ఆ చక్రాన్ని అరచేతిలో పెట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయాను. అలాంటిది మా నాయనమ్మ ఒకప్పుడు నా కోసం చేసింది, అదీ బాపుకు తెలియకుండా.

లాడ్ బజార్ వెనక సందులో మాకు బర్రెల కొట్టం ఉండేది. చలికాలం తెల్లవారుజామున బర్రెల ఊపిరి పొగలా లేస్తుంటే, తడి గడ్డి, పేడ, పొదుగుల దగ్గరి పచ్చిపాల వాసన అన్నీ కలిసి దుప్పటిలా మమ్మల్ని కప్పేవి. ఆ వెచ్చదనం వదిలి, సైకిలుకు రెండు వైపులా పాల క్యాన్లు తగిలించుకుని బాపు బయలుదేరితే నేను వెనక పరుగెత్తేదాన్ని. బడిలో పరుగు పందేనికి నా పేరు ఇచ్చాను కాబట్టి ప్రాక్టీసు అనే వంక దొరికింది. నిజానికి నాకు కావలసింది పందెం కాదు, ఆ పొద్దులే. మూసి ఉన్న గాజుల దుకాణాలు, ఎక్కడి నుంచో తేలివచ్చే అజాన్, హోటల్లో మరుగుతున్న చాయ్, మేం ఖాలా అని పిలిచే గాజుల పెద్దమ్మ కుంపటి మీద కరుగుతున్న లక్క, వాటన్నిటి ముందు బాపు సైకిలు గంట. పగలంతా దాణా, పాలు, గిరాకీల లొల్లి తప్ప మరో మాట లేని బాపు ఆ కాసేపు నాకొక్కదానికే దొరికేవాడు.

అమ్మకు ఇది నచ్చేది కాదు. "కాళ్లకు ఏమన్న అయ్యిందా, ఆ దినమే బంద్ జేస్త, చూడు మరి" అని షరతు పెట్టింది. తీరా బొబ్బ తెచ్చిపెట్టింది అమ్మ కొన్న బూట్లే. మా ఇండ్లల్లో పిల్లలకు సరిపోయే బూట్లు కొనడమన్నది ఎవరూ ఎరగరు. పెరిగే కాళ్లు, వచ్చే ఏడు కూడా రావాలని ఒక సైజు పెద్దవి కొని ముందు దూది కుక్కేవారు. అడుగు వేసినప్పుడల్లా మడమ పైకీ కిందికీ జారి, ఒరుసుకుని, చివరికి నీళ్లు నిండిన బొబ్బ లేచింది. అది బయటపడితే బాపు వెనక పరుగు పోతుందని నాకు ప్రాణం పోయినంత పనైంది. సూది వెతుక్కుని కొట్టం మూలకు పోబోయాను.

నాయనమ్మకు దొరికిపోయాను. సంక్రాంతికి సకినాలు చేసే రోజులు అవి. తెల్ల బట్ట పరుచుకుని, నువ్వులు కలిపిన పిండిని వేళ్ల మధ్య మెలితిప్పుతూ, చుట్టు మీద చుట్టు వేస్తూనే నా నడకను కనిపెట్టింది.

"ఏందే గట్ల నడుస్తున్నవ్? ఇటు రా." సూది చూసి లాక్కుంది. "పొడుస్తవా? అది దేవుడేసిన పట్టి. కింద కొత్త తోలు వచ్చేదాంక ఉండనియ్యి దాన్ని."

"అమ్మకు చెప్పకే నాయనమ్మా. బాపుకు గూడ."

"నేనెందుకు చెప్తనే? కాలు సాపు."

కొట్టంలోకి తీసుకుపోయి, కాలు సబ్బుతో కడిగి, తడి లేకుండా అద్దింది. ఉతికి ఆరేసిన పాత చీరె అంచు చించి, సకినం చుట్టినట్టే మెలిపెట్టి చుట్టింది. బోనం ఎత్తుకునేటప్పుడు కుండ కింద నెత్తి మీద పెట్టుకునే చుట్టబట్ట అచ్చం అలాగే ఉంటుంది, ఇది సకినమంతే ఉంది. నడుమ ఖాళీలో బొబ్బ ఒదిగింది, బూటు ఒత్తిడంతా చుట్టూ ఉన్న గుడ్డ మీద పడింది. పేలికతో కట్టి, కుట్టు తోలుకు తగలకుండా సాక్సు తిరగేసి తొడిగింది. రెండో మడమకు ముందుజాగ్రత్తగా కొబ్బరినూనె రాసి, కాలు జారకుండా లేసులు బిగించింది. అంత ముద్దుగా నన్ను ఇంకెవరూ చూసుకోలేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మరునాడు పొద్దున బాపు సైకిలు చైన్ వదులైంది. "తొక్కొస్తలేదు బిడ్డా, నడిపిచ్చుకుంట పోదాం" అన్నాడు. నా అదృష్టానికి నేనే మురిసిపోయాను. ఖాలా గిన్నె పట్టుకుని వచ్చి "క్యా బేటీ, ఆజ్ దౌడ్ నై?" అని, ఇవాళ పరుగు లేదేమని అడిగితే బాపే "చైన్ ఖరాబ్ హోగయా" అని జవాబిచ్చాడు. పాలు ఆలస్యమైనందుకు గిరాకీలు సణిగినా బాపు వినిపించుకోలేదు. బొబ్బ ఎండిపోయేదాకా ఆ మంచులో మేము మెల్లగా, కబుర్లు చెప్పుకుంటూ నడిచాం. చిన్నప్పుడు తను బర్రె మీద నిద్రపోయి కింద పడిన సంగతి బాపు చెప్పింది అప్పుడే. తర్వాత చైన్ బాగైంది, నేను మళ్లీ పరుగెత్తాను. పందెంలో నాకు ఏ బహుమతీ రాలేదు, దాని మీద బెంగ కూడా లేదు.

ఇప్పుడు ఆ కొట్టం ఉన్నచోట స్కూటర్లు పెట్టుకుంటున్నారు. బర్రెలు ఊరి బయటికి పోయాయి, పాలు ప్యాకెట్లలో వస్తున్నాయి. ఖాలా కుంపటి చల్లారిపోయింది. నాయనమ్మ లేదు.

గుడ్డ చక్రం తీసుకుపోయి బాపు ముందు పెట్టాను. "ఇది నీకెవరు నేర్పిన్రు?"

దొంగతనం బయటపడ్డ పిల్లాడిలా నవ్వాడు. "మా అమ్మ నీకు కట్టంగ కొట్టం తడక సందుల నుంచి చూసిన."

"మరి అప్పుడే నన్ను అడగకపోతివి?"

"అడిగితే మీ అమ్మకు తెలుస్తుండె. నువ్వు రాకపోతుంటివి." చూపు తిప్పుకుని అన్నాడు, "చైన్ మంచిగనే ఉండె బిడ్డా."

బాపు కాలు ఒళ్లో పెట్టుకుని, కడిగి అద్ది, ఇంకో పేలిక మెలిపెట్టి కట్టాను. సాయంత్రం సందు దాటుతుంటే నేనే ఆగాను.

"నా చెప్పు పట్టీ వదులైంది బాపు, మెల్లగ పోదాం."

బాపు నా చెప్పు వైపు చూడనైనా లేదు. సరేనని తలూపి, నా భుజం పట్టుకుని నడిచాడు.