ఆరూ ముప్పై ఎనిమిదికి పడిపోయే వైఫై

దయ్యం కథ ఎవరైనా మొదలుపెడితే, ఆ ఇంట్లో కరెంటు వైరింగ్ ఎన్నేళ్ళ నాటిదని అడిగే రకం నేను. పద్దెనిమిదేళ్ళు హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాను. క్లాసులో ఎవరైనా దయ్యాన్ని చూశామంటే వాళ్ళ చేత ఒక పేజీ రాయించేదాన్ని. ఏం చూశావు, ఎంత దూరం నుంచి చూశావు, వెలుతురు ఎంత ఉంది, పక్కన ఎవరున్నారు. అర పేజీ రాసేసరికి దయ్యం పారిపోయేది. ఇప్పుడు ఆ పేజీ నేనే రాయాల్సి వచ్చింది.

మాది తిరుపతిలో పాత వీధిలో ఇల్లు. వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. వీధి వైపు ముందుగది, అక్కడి నుంచి వెనక దాకా తిన్నగా ఒకటే నడవ. నడవకు ఒక పక్క మా అత్తమ్మ గది, ఇంకో పక్క వంటిల్లు, దాన్ని ఆనుకుని దేవుడి గది. నడవ చివర పెరటి తలుపు, అది దాటితే స్నానాల గది. గోడలు సున్నంతో కట్టినవి, మూరెడు మందం ఉంటాయి. ఇంట్లో ఉండేది ముగ్గురమే. మా ఆయనకు కొండ మీద ఉద్యోగం. తెల్లవారుజామున అయిదుకే ఘాట్ బస్సు ఎక్కేస్తారు. ఆ తర్వాత ఇంట్లో నేనూ అత్తమ్మా.

అత్తమ్మకు డెబ్బై ఆరేళ్ళు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె పొద్దుటి పని ఒక్కరోజు కూడా మారలేదు. పెరట్లో తలస్నానం, తడి చీరతోనే నడవలోకి రావడం, మడిగా వంట, దేవుడికి ఆరగింపు, ఆ తర్వాతే తన భోజనం. ఆమె నడవలోకి వస్తోందంటే మిగతావాళ్ళం గోడకు అంటుకుపోవాలి. పొరపాటున కొంగు తగిలినా ఆమె వెనక్కి పోయి మళ్ళీ నీళ్ళు పోసుకుని రావాల్సిందే.

ఆ పద్ధతంటే నాకు ఒళ్ళుమంటగా ఉండేది, దాచుకోవడం దేనికి. స్కూలుకు టైమైపోతున్న తొందరలో రెండు మూడుసార్లు నేనే తగిలాను. ఆమె ఒక్క మాట కూడా అనేది కాదు. వచ్చిన దారినే తిరిగి పెరట్లోకి పోయేది. తిట్టినా బాగుండేదే అనిపించేది నాకు.

పోయిన ఏడాది వానల్లో పెరట్లో జారిపడి ఆమె తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి వచ్చాక మొదలైంది అసలు కష్టం. అన్నం ముట్టదు. పొద్దున గ్లాసెడు పాలు, సాయంత్రం రెండు అరటిపండ్లు, అంతే.

నేను తలస్నానం చేసి, మడి కట్టుకుని వండి, ఆరగింపు పెట్టి పళ్ళెం తీసుకుపోతే తల అడ్డంగా ఊపింది. "నువ్వు సరిగ్గానే చేసింటావమ్మా, నేనేమీ అనలే. నా చేత్తో పెరుమాళ్ళకు పెట్టకుండా నేనెట్ల తినేది? నా పని గాలేదు గదా" అంది.

డాక్టరు ఖచ్చితంగా చెప్పేశాడు. ఇట్లాగే ఉంటే కుట్లు మానవు, ఎముక అతకదు, మంచానికే అతుక్కుపోతుంది అన్నాడు. పదిహేను రోజులకే ఆమె చేతి గాజులు మోచేతి దాకా జారాయి. ఆ గాజులు చూస్తే నాకు భయమేసేది. ఎంత కోపం ఉన్నా ఆ ఇంట్లో నాకు తోడు ఆమే.

ఆమెను చూసుకోవడానికి నేను స్కూలు మానేశాను. బదులుగా పొద్దున ఆరుంబావు నుంచి ఏడుంబావు దాకా ఆన్‌లైన్‌లో ట్యూషన్ పెట్టుకున్నాను. చిత్తూరు, పలమనేరు వైపు పదో తరగతి పిల్లలు పదకొండు మంది. దానికోసమే ఇంట్లో వైఫై పెట్టించాం.

లైన్ వేయడానికి మునిరత్నం అనే ఆయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, నిదానస్తుడు. తీగ వెనక సందులోని స్తంభం నుంచి రావాలి. అందుకని రౌటర్‌ను నడవ చివర, పెరటి తలుపు పక్కన గోడకు బిగించాడు. "గోడలు దాటి పోదు మేడమ్, శానా మందం ఉండాయి. నడవ తిన్నగా ఉండాది కాబట్టి ముందుగదికి అందుతాది" అన్నాడు. ఆయన చెప్పినట్టే ముందుగదిలో నా ల్యాప్‌టాప్‌కు సిగ్నల్ బొటాబొటీగా అందింది. మూడు రోజులు పాఠాలు బాగానే సాగాయి.

నాలుగో రోజు పాఠం మధ్యలో తెర బిగుసుకుపోయింది. అర నిమిషం తర్వాత దానంతటదే వచ్చింది. మరుసటి రోజూ అంతే. ఆ పై రోజు గడియారం చూశాను. ఆరూ ముప్పై ఎనిమిది. తర్వాతి రోజూ ఆరూ ముప్పై ఎనిమిదే.

మునిరత్నం మూడుసార్లు వచ్చిపోయాడు. అడాప్టర్ మార్చాడు, తీగ చివర కొత్తగా కోసి అతికించాడు, రౌటర్ ఛానల్ మార్చాడు. మూడోసారి ఆ టైముకే వచ్చి నా పక్కన కూర్చుని చూశాడు. "లైన్ బాగుండాది మేడమ్, పెట్టెలో లైట్లన్నీ ఎలగతానే ఉండాయి. నడవలో ఎవురన్నా అడ్డమొచ్చినప్పుడు పడినట్టు పడతాంది" అన్నాడు. ఇద్దరం తొంగిచూశాం. నడవ ఖాళీగా ఉంది. అత్తమ్మ గది తలుపు వేసి ఉంది.

మా ఆయనకు చెబితే "యాడో వైరు లూజుగా ఉంటాదిలే" అన్నారు. కొండ మీద పనిచేసే మనిషి వైరు లూజంటున్నారు, సైన్సు చెప్పే నేను నిద్ర మానుకుంటున్నాను. మా ఇంట్లో అన్నీ ఇట్లా తిరకాసే.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. నెట్ పడిపోవడం మొదలైన రోజుల్లోనే అత్తమ్మ అన్నం అడిగింది. ఒకరోజు ఎనిమిదింటికి నేను పాలు తీసుకుపోతే, "పాలు ఎందుకమ్మా, ఆరగింపు అయింది గదా, అన్నం పెట్టు" అంది. నిజానికి ఆ రోజు నేనింకా దేవుడి గది తలుపు కూడా తీయలేదు. మందుల మత్తో, కలగన్నదో అనుకుని నోరు మూసుకున్నాను. తింటోంది, అది చాలు. గబగబా వంటచేసి నేనే ఆరగింపు పెట్టి, పళ్ళెం ముందు పెడితే తృప్తిగా తిన్నది. ఆ రోజు నుంచి రోజూ తిన్నది. ఈ రెండింటినీ కలిపి చూడాలని నాకు అప్పుడు తోచలేదు.

నా బుర్ర మాత్రం మునిరత్నం అన్న మాట దగ్గరే ఆగిపోయింది. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళే. వైఫై తరంగాలను నీళ్ళు మింగేస్తాయి. రౌటర్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య మనిషి నిలబడితే సిగ్నల్ తగ్గడం మామూలే. అయితే ఎంత తగ్గాలి?

ఒక ఆదివారం సాయంత్రం మా ఆయన్ను ముందుగదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి నేను నడవలో నడిచాను. సిగ్నల్ తగ్గింది గానీ నెట్ పోలేదు. ఆ తర్వాత చీర నీళ్ళలో ముంచి, పిండకుండా చుట్టుకుని నడిచాను. నెట్ పోయింది. తెర మీద సిగ్నల్ బలం చూపే అంకె సరిగ్గా పొద్దున పడే చోటికే పడింది. "ఇంటర్నెట్టు కోసం మడి కట్టినదాన్ని నిన్నే సూసినా" అని నవ్వారు మా ఆయన. నాకు నవ్వు రాలేదు.

తర్వాత రెండు పాత ఫోన్లు తీసి, సిగ్నల్‌ను సెకను సెకనుకూ నమోదు చేసే యాప్ వేశాను. ఒకటి వంటింటి కిటికీలో, ఇంకొకటి దేవుడి గది గడప మీద పెట్టాను. వారం రోజులు కదిలించలేదు. ఏడు రోజులదీ ఒకటే వరస. ఆరూ ముప్పై ఎనిమిదికి ముందుగదిలో పడిపోతుంది. అర నిమిషానికి అది తేరుకుని, వంటింటి ఫోన్‌లో పడుతుంది. అక్కడ ముప్పావు గంట సేపు పడుతూ లేస్తూ ఉంటుంది. ఆ తర్వాత వంటిల్లు కుదుటపడి దేవుడి గదిలో పడుతుంది. ఓ ఇరవై నిమిషాలు. ఎనిమిది కాకముందే అంతా మామూలు.

పెరటి తలుపు నుంచి వంటింటి గడప దాకా నాకు పన్నెండు అడుగులు. నేనైతే ఎనిమిది సెకన్లలో నడుస్తాను. అర నిమిషం తీసుకునేది మా ఇంట్లో ఒక్కరే. ఆ ఒక్కరూ మనం ఎత్తి కూర్చోబెడితే తప్ప కూర్చోలేని స్థితిలో మంచం మీద ఉన్నారు.

భయం వేసిందా అంటే లేదు. తెలుసుకోవాలన్న దురద పుట్టింది. ఆ వచ్చే ఆదివారం ట్యూషన్ లేదు. ఆరున్నరకు అత్తమ్మ గదిలోకి తొంగిచూశాను, నిద్రపోతోంది. తలుపు దగ్గరగా వేసి, చెప్పుల్లేకుండా నడవ మధ్యలో ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. ఆరూ ముప్పై ఎనిమిది దాటింది. ఫోన్‌లో అంకె గబగబా దిగిపోయి, నెట్‌వర్క్ లేదని చూపించింది. రెండు సెకన్లు. మళ్ళీ వచ్చింది. చల్లగా తగిలిందా, వాసన వచ్చిందా అని మా ఆయన తర్వాత అడిగారు. ఏమీ లేదు. ఖాళీ నడవ, దేవుడి గది నుంచి గడియారం చప్పుడు, అంతే. ఇంకో అయిదు నిమిషాలు చూసి, ఇక ఏమీ జరగదని ముందుగదిలోకి వెళ్ళిపోయాను.

ఎనిమిదిన్నరయినా అత్తమ్మ అన్నం అడగలేదు. నేనే పోయి "అన్నం తెచ్చేదా అత్తమ్మా?" అన్నాను.

"ఈ పొద్దు ఆలస్యమైపాయ" అంది.

"ఎందుకు?"

"ఎందుకని నన్నడగతావా? దోవలో అడ్డం నిలబడింటివి గదమ్మా. తగిలినావు. మళ్ళీ పోయి నీళ్ళు పోసుకునొచ్చినాను" అంది. గొంతులో కోపం లేదు. చాలా అలసట ఉంది. ఆ రోజు రెండు ముద్దలు తిని, ఇంక చాలని పళ్ళెం నెట్టేసి గోడ వైపు తిరిగి పడుకుంది.

వంటింటి ఫోన్ తెచ్చి చూశాను. రోజూ ఆరూ ముప్పై తొమ్మిదికి పడాల్సింది ఆ రోజు పడలేదు. ఆరూ యాభై ఎనిమిదికి పడింది. దేవుడి గదిలోనూ అంత ఆలస్యంగానే పడింది. పెరట్లోకి తిరిగిపోయి, నీళ్ళు పోసుకుని, మళ్ళీ రావడానికి ఎంత పడుతుందో అంత.

నేను నడవలో ఉన్నానని నా అడుగుల చప్పుడు విని ఆమె ఊహించిందనుకుందాం. మంచం మీద నుంచే, రోజూ చేసే పనిని మనసులో చేసుకుంటోందనుకుందాం. రెండూ ఒప్పుకుంటాను. ఆమె మనసులో అనుకున్నది కిటికీలో పెట్టిన ఫోన్‌కు ఎట్లా తెలిసింది?

ఒక్క రీడింగ్‌తో ఏదీ రుజువు కాదని ప్రతి ఏడూ పిల్లలకు చెప్పేదాన్ని. కనీసం రెండోసారీ అదే రావాలి. మర్నాడు పాఠం మధ్యలో, ఆరూ ముప్పై ఆరుకు, పిల్లలకు ఒక లెక్క ఇచ్చి లేచాను. నడవలోకి వచ్చాను. ఇంకో నాలుగడుగులు వేసి మధ్యలో నిలబడితే చాలు, ఉన్నదో లేదో తేలిపోతుంది. జీవితంలో అంత పెద్ద ప్రశ్న అంత దగ్గరగా నాకెప్పుడూ రాలేదు. నిలబడాలని ఎంత ఉందో చెప్పలేను.

నిన్న నెట్టేసిన పళ్ళెం గుర్తొచ్చింది. ఇవాళ కూడా ఆమె వెనక్కి తిరిగిపోవాల్సి వస్తే? రేపు కూడా వస్తే?

పైట దగ్గరికి లాక్కుని గోడకు ఆనుకున్నాను. ముందుగదిలో పిల్లల మాటలు ఒక్కసారిగా తెగిపోయాయి. అట్లాగే ఉన్నాను. మళ్ళీ మాటలు వినిపించాక గోడను వదిలాను. ఆ రోజు ఎనిమిదింటికి ఆమె అన్నం అడిగి, చారు మారు పోయించుకుంది. నేను పెరట్లోకి పోయి కాసేపు ఏడ్చాను.

ఆ తర్వాత రోజూ ఆ టైముకు పిల్లలకు రెండు నిమిషాలు విరామం ఇచ్చేదాన్ని. ఇంకో రెండు నెలలకు అత్తమ్మ వాకర్ పట్టుకుని లేచింది. వద్దన్నా వినకుండా మొదటిరోజే నీళ్ళు పోయించుకుని, తడి చీరతో నడవలోకి వచ్చింది. వంటింటికి చేరడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ రోజు ఆరూ ముప్పై ఎనిమిదికి నెట్ పడలేదు. ఆమె వచ్చినప్పుడే పడింది. అప్పటి నుంచి అంతే.

ఆ పూట భోజనం అయ్యాక కాళ్ళకు నూనె రాస్తూ ఆగలేక అడిగాను. "ఇన్ని దినాలు ఎట్లా పోయొచ్చినావత్తమ్మా?"

"ఎట్లా ఏముందమ్మా, రోజూ పోయినట్టే" అంది. మోకాలు నిమురుకుంది. "ఇన్ని దినాలూ కాళ్ళు నొయ్యలే. ఈ పొద్దే నొస్తాండాయి" అంది. అది చెబుతూ ఆమె సంతోషంగా నవ్వింది.

ఇంతకు మించి నాకు తెలియదు. ఆ ఆదివారపు లెక్క ఇప్పటికీ ఫోన్‌లో ఉంది. తెలిసిన ఇద్దరు లెక్చరర్లకు చూపించాను, ఒక్కరోజు రీడింగ్‌తో ఏం చెప్తామన్నారు. వాళ్ళు చెప్పింది న్యాయమే. రెండోది తీసుకోగలిగీ తీసుకోనిదాన్ని నేను. ఇక అది ఎవరికీ దొరకదు.