కలుపు మొక్కల కూర తిని బతుకమ్మ ఆడిన ఏడు

మా చిన్నప్పుడు బాపు పెరట్లో తోటకూర మడిని దున్నేసిన రోజు నేనెంత సంబరపడ్డానో చెప్పలేను... అమ్మయ్య, ఇక ఆకుకూర తినే బాధ తప్పిందని ఎడ్ల వెనకాలే గంతులేస్తూ తిరిగాను.

నాకు తొంభై దాటి చాలా ఏళ్ళయింది. ఇది నైజాం రోజుల సంగతి. బోధన్ దగ్గర మా ఊరు. కాలువ నీళ్ళు వచ్చాయి, బోధన్‌లో కొత్తగా షక్కర్ ఫ్యాక్టరీ లేచింది... ఇక ఊరంతా చెరకు పిచ్చే. బాపు చేనుతో ఆగలేదు. పెరట్లో బీర పందిరి పీకేశాడు, గుమ్మడి పాదు పీకేశాడు, వెనక గుమ్మం దాకా చెరకే వేశాడు.

ఆ ఏడాది పిల్లలదే రాజ్యం. పొద్దున జొన్నరొట్టె, బెల్లం. మధ్యాహ్నం జొన్నరవ్వ ఉడికించిన గటక, పచ్చిపులుసు. మాపటికి మళ్ళీ రొట్టె, బెల్లం... చెరకు గడలు నమిలి నమిలి దవడలు నొప్పి పుట్టేవి. కూర ఏదని అడిగిన పాపాన పోలేదు ఎవరూ.

వానాకాలం వచ్చేసరికి నాకో వింత మొదలైంది. పగలంతా బాగానే కనిపించేది. పొద్దు గూకిందంటే చాలు, కళ్ళ ముందు బూడిద చల్లినట్టు... మనుషులు మాయం. ఎవరికీ చెప్పలేదు. చెబితే గుడ్డిపిల్ల అంటారని భయం. గడప నుంచి తిరగలి దాకా ఎనిమిది అడుగులు, తిరగలి నుంచి మంచం దాకా అయిదు... లెక్కపెట్టుకుని నడిచేదాన్ని. నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని కూడా.

ఎంగిలిపూల బతుకమ్మ నాడు ఆ తెలివి కాస్తా తెల్లారిపోయింది. తొమ్మిది రోజుల పండుగలో అది మొదటి రోజు. మసక పడుతోంది, వాడకట్టు ఆడవాళ్ళంతా చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతున్నారు. వంగి లేచే దగ్గర నాకు వరుస తప్పింది... ముందుకు వేసిన కాలు పక్కింటి లచ్చవ్వ బతుకమ్మ మీద పడింది. తంగేడు పూలన్నీ నేలపాలు.

"కండ్లు నెత్తికెక్కినయా పోరీ" అని అమ్మ చెంప మీద ఒక్కటి వేసింది. లచ్చవ్వ ఏడుపు ఒక్కటే తక్కువ.

"ఇగ రేపటి సంది ఈ పిల్లను ఆటకు తోలుకరాకుండ్రి" అని అమ్మతో అంది.

నాకు ప్రాణం పోయినట్టయింది. ఏడాదంతా నేను ఎదురుచూసేది ఆ తొమ్మిది రోజుల కోసమే మరి.

మా అవ్వ, అంటే బాపు తల్లి, నా చెయ్యి పట్టుకుంది. ఇంటికి తీసుకెళ్ళి, నా ఎదురుగా నిలబడి చెయ్యెత్తింది.

"ఎన్ని వేళ్ళు సూపెడుతున్న, సెప్పు."

"మూడు" అన్నాను ధైర్యంగా. అవ్వ పిడికిలి బిగించి ఉందట.

"రేచీకటి పట్టింది పిల్లకు. పెరట్ల ఒక్క ఆకు లేకుండ జేస్తివి గద కొడుకా" అని బాపును పట్టుకుని దులిపేసింది.

తెల్లారి అవ్వ చెరకు గట్ల మీదికి నడిచింది, వెనక నేను. అక్కడ చూడాలి... పొన్నగంటి, గంగవాయిలి, చెంచలి, ఎటు చూసినా పచ్చగా! అదంతా మేము కలుపని పీకి ఎడ్లకు వేసేదే.

"ఎడ్ల కండ్లు మంచిగనే ఉన్నయి సూడు. మనమే బెల్లం నాకుకుంట కూసున్నం" అని నవ్వుతూ అవ్వ ఒడి నింపుకుంది.

ఇక పొద్దూ మాపూ అదే కూర. నూనెలో వెల్లుల్లి, పైన నువ్వుల పొడి. ఆకు ఉడికిన నీళ్ళు అమ్మ పారబోయబోతే అవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది. ఇక నేనా... ఆకుకూర పేరెత్తితే మూతి ముడిచే పిల్లను, గిన్నె అడుగు కూడా తుడిచి తినేదాన్ని. ఆశ అలాంటిది.

రోజూ దీపాలు పెట్టే వేళకు అవ్వ వాకిట్లో ఆ మూల నిలబడేది, నేను ఈ మూల. మొదటి నాలుగు రోజులూ బూడిదే. పండుగ ఆరో రోజు అవ్వ ఆకారం మసగ్గా కదిలింది. ఎనిమిదో రోజు ఏదో తళుక్కుమంది...

"అవ్వా, నీ కడియం కనబడుతుంది."

అవ్వ దగ్గరకొచ్చి నా తల కడుపుకు అదుముకుంది. ఎంతసేపటికీ వదల్లేదు. అన్నాళ్ళూ ఆమె కూడా భయపడిందని అప్పుడు తెలిసింది నాకు.

మర్నాడే సద్దుల బతుకమ్మ, ఆఖరి రోజు. మసక వేళకు వెళ్తే లచ్చవ్వ అడ్డం నిలబడింది.

"వద్దు పెద్దవ్వా, మల్ల తొక్కుతది."

అవ్వ వాదించలేదు. మా బతుకమ్మను నా చేతుల్లో పెట్టింది. "నడుమ పెట్టి రా బిడ్డా. ఒక్కదాన్ని తాకినా నేనే ఇంటికి తోలుకపోత" అంది.

నడుమ అంటే... చుట్టూ ఇరవై ముప్పై బతుకమ్మలు, సందు చూస్తే ఒక్క పాదం పట్టేంత. ఆడవాళ్ళంతా పాట ఆపేసి నన్నే చూస్తున్నారు. ఈసారి నేను అడుగులు లెక్కపెట్టలేదు, చూసుకుంటూ నడిచాను! తంగేడు, గునుగు, బంతి... అన్నీ కనిపిస్తున్నాయి. ఒక్క రేకు కదలకుండా నడుమ దింపి వెనక్కి వచ్చాను. లచ్చవ్వే నా చెయ్యి పట్టి వరుసలోకి లాగింది. ఆ రాత్రి ఎంత ఆడానో, కాళ్ళు వాచాయి.

ఆ ఆకుల్లో ఉన్నది విటమిన్ ఏ అని, అది తగ్గితే ముందు మసక వెలుతురులో చూపు పోతుందని, నూనె తోడుంటే ఒంటికి బాగా పడుతుందని నా పిల్లల బడి పాఠాల్లో విన్నాను. అవ్వ ఆ పేరు వినకుండానే పోయింది.

ఇప్పుడు ఆ గట్ల మీద గడ్డిమందు కొడుతున్నారు, పొన్నగంటి మొలవడం లేదు. నా చూపు కూడా మళ్ళీ పోయింది... ఇది వయసు వల్ల, ఏ కూర తిన్నా తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. ఇదంతా నేను చెబుతుంటే మునిమనవరాలు టైపు చేసింది. మీ ఇళ్ళల్లో ఇంకా వండుకునే ఆకుకూరల పేర్లు కింద రాయండి... తను ఒక్కొక్కటీ పైకి చదువుతుంది, నాకు కనిపిస్తాయి.