గంజి పెట్టిన లారీ

లారీకి రంగు ఆరితే గాని పిల్లవాడికి గుండు చేయించని ఇల్లు ఒకటి ఉంటుందంటే, ఆదోనిలో డిగ్రీ చదివే రోజుల్లో నేను నవ్వేసేదాన్ని. ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో సరిగ్గా ఆ ఇంటికే కోడలినయ్యాను. కాలం చేసిన మా మామ ఒకప్పుడు పత్తి బేళ్లు తోలిన ముక్కు లారీ (ముందర ఇంజను పొడుచుకొచ్చే పాత రకం) దొడ్లో తుప్పు పట్టి ఉండేది. మా వాడు పుట్టగానే మా ఆయన, దాన్ని కొత్తదానిలా చేసి, అందులోనే ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి పోయి పుట్టువెంట్రుకలు ఇస్తానని మొక్కేసుకున్నాడు. నన్ను అడగలేదు.

వాడికి మూడో ఏడు నడుస్తున్నా లారీ తేలలేదు. బ్రేకులు కుదిరేసరికి తలుపు ఊడేది. వాడి జుట్టు మాత్రం ఏ మెకానిక్కూ లేకుండానే పెరిగింది. తల నిండా సెగ్గడ్డలు, కళ్లలో వెంట్రుకలు, చూపు పోతుందేమోనని నాకు బెంగ. రోజూ ఒళ్లో కూర్చోబెట్టుకొని చిక్కులు తీసేదాన్ని. ఆ శ్రావణం దాటితే నాలుగో ఏడు, సరి సంవత్సరం. తీయకూడదు. అంటే ఇంకో ఏడాది. "బస్సులో పోదాం" అంటే, "మొక్కినాంక మాట మార్చేకైతాదా? రంగొకటే కదా ఉండేది" అనేవాడు మా ఆయన.

శ్రావణంలో ఆ రంగు వేసే రోజు కూడా వచ్చింది. మా ఆయన రేకంతా గరుకు కాగితంతో రుద్ది సిద్ధం చేస్తే, మా అత్త మగ్గం దారాలకు గంజి పెట్టే పెద్ద కుంచె తీసుకొని వచ్చింది.

"ఉత్త రేకు మింద రంగు నిలుస్తాదేమిరా? ముందు గంజి పెట్టల్ల."

"అత్తా, ఇది లారీ" అన్నాను.

"లారీ అయితే ఏమి? నూలుకైనా రేకుకైనా గంజితోనే బిగువు. మీ కాలేజీలో మగ్గం నేర్పినారా?"

మా ఆయన గంజి తెచ్చి వాళ్లమ్మ ముందర పెట్టాడు. దాకెడు గంజి తాగిన లారీ మీద ఎర్ర రంగు, ఆకుపచ్చ అంచు వేశాడు (అంచు వెడల్పు మా అత్తే చెప్పింది, చీర లెక్కన). తెల్లారి వాన పడింది. గంజి నాని, రంగు దోసెల్లా లేచి వేలాడింది. రెండు బర్రెలు వచ్చి చక్రం మీది రేకు నాకుతున్నాయి. వాటిని అదిలిస్తూ మా అత్త, "బియ్యం గంజి పోస్తిమి. జొన్న గంజి అయితే నిలిచుండు" అంది.

నాకు ఏడుపొచ్చింది. "మొక్కులో రంగు మాట యాడుంది? లారీలో పోవల్ల, అంతే కదా. తియ్యి బండి" అన్నాను. ఆయన కాసేపు తల గోక్కొని తాళం తెచ్చాడు.

దారిలో ప్రతి గతుక్కీ ఒక పొర రాలింది. ఉరుకుందలో మంగలి అన్న వాడి తల తడిపి కత్తి ఆనించాడో లేదో, రెండేళ్లు ఆ జుట్టుతో పోరాడిన నేనే, "వెనక కొంచెం ఉంచితే కాదా అన్నా?" అన్నాను.

"సగం మొక్కు యాడన్నా ఉంటాదామ్మా" అంటూ ఆయన పని ఆయన చేసుకుపోయాడు.

ఇప్పుడు వాడు బడికి పోతాడు. దువ్వెన పట్టుకుంటే అందకుండా పరుగెడతాడు. తల నాకప్పగించి ఒళ్లో కదలకుండా కూర్చున్న ఆ రోజులన్నీ నేను లారీ వైపు చూసి సణుగుతూనే గడిపాను, పిచ్చిదాన్ని.